నేను తప్పు చదివిన మాట

రహీం సార్ పోయిన నలభయ్యో రోజు ఫాతిహాకు వాళ్లింటికి వెళ్లాను. నేను పెరిగిన ఊరే అది. చండ్రుగొండ దాటాక అడవి అంచున ఉండే చిన్న బొగ్గుగని ఊరు. భోజనాలయ్యాక సార్ పెద్దకొడుకు సలీం నన్ను చుట్టాలకు చూపిస్తూ, "మా అబ్బా ఎప్పుడూ చెప్తుండె. ఒక్క మాటకు అర్థం చెప్పంగనే చెప్పులు మా దుకాణం ముందట్నే ఇడిశిపెట్టి ఉర్కిన పిల్ల ఈమెనే" అన్నాడు. అందరూ నవ్వారు, వాళ్లతో పాటు నేనూ నవ్వాను. కానీ ఖమ్మం బస్సెక్కిన దగ్గర్నుంచి కుదురుగా కూర్చోలేకపోయాను. కిటికీ తీశాను, మూశాను, మళ్లీ తీశాను. కాలేజీలో పిల్లలకు ఇంగ్లీషు చెప్తూ ఇన్నేళ్లు గడిచాయి. ఆ మాట పాఠంలో వచ్చినప్పుడల్లా బోర్డు మీద అర్థం రాసి తొందరగా పక్క లైనుకు పోతాను తప్ప, దాని దగ్గర ఎప్పుడూ ఆగలేదు.

ఆ మాట అండర్‌మైన్. అది మా ఇంటికి వచ్చినప్పుడు నాకు పద్దెనిమిదేళ్లు. డిగ్రీ మొదటి సంవత్సరం పరీక్షలు రాసి, ఖమ్మం హాస్టల్ నుంచి ఎండాకాలం సెలవులకు ఇంటికి వచ్చాను. గని వాళ్లు ఇచ్చిన రెండు గదుల క్వార్టరు మాది. పొద్దున్నే లైను లైనంతా బొగ్గుల పొయ్యిలు బయట పెట్టి రాజేసేవాళ్లు. ఆ పసుపుపచ్చ పొగ, దాని పుల్లటి వాసన తెల్లారేసరికి ముక్కులో నిండేవి. ఆ పొగలోనే అడవి ఊళ్ల కోయ ఆడవాళ్లు ఇప్పపూలు, కరక్కాయలు గంపల్లో పెట్టుకుని వాళ్ల భాషలో మాట్లాడుకుంటూ పోయేవాళ్లు. అమ్మ, మార్తమ్మ, పొయ్యి ముందు కూర్చుని చిన్నగా కీర్తన పాడుకునేది. నాన్న ఫస్ట్ షిఫ్టుకు గడప దాటిన క్షణం నుంచి మధ్యాహ్నం సైరన్ మోగేదాకా ఆ పాట ఉండేది కాదు. ఆ ఏడెనిమిది గంటలూ తోమిన గిన్నెలే మళ్లీ తోమేది, ఊడ్చిన వాకిలే మళ్లీ ఊడ్చేది. సైరన్ వినపడగానే కొంగుతో మొహం తుడుచుకుని అన్నం కుండ దించేది.

మా నాన్న పేరు దేవదానం. భూమి కింద బొగ్గు తీసుకుంటూ పోతే పైనున్న రాయికి ఆనిక ఉండదు. అది కూలకుండా కట్టె దుంగలు నిలబెట్టడం ఆయన పని. టింబర్‌మన్ అనేవాళ్లు. చేతికర్రతో పైకప్పు మీద కొట్టి, చప్పుడును బట్టి రాయి గట్టిగా ఉందో, పొర విడిచిందో చెప్పేవాడు. ఆ అలవాటు ఇంట్లోనూ పోలేదు. గుమ్మడికాయ అయినా, నీళ్ల కుండ అయినా, కొత్తగా కట్టిన చర్చి గోడ అయినా వేలితో తట్టి చెవి ఒగ్గాల్సిందే. స్నానం చేసొచ్చినా కంటిరెప్పల అంచున బొగ్గు నలుపు కాటుకలా మిగిలిపోయేది. ఇనుప స్తంభాలు వచ్చినా ఆయనకు కట్టె మీదే నమ్మకం. "ఇనుము చెప్పకుంట ఒరుగుతది బిడ్డా. కట్టె ఒరిగేముందు మాట్లాడుతది. ఆ మాట ఇన్నోడు బయటికొస్తడు" అనేవాడు.

ఆయనకు తెలుగు చదవడం వచ్చు, మిషన్ బడిలో ఐదు దాకా చదివాడు. ఇంగ్లీషు మాత్రం నా వంతు. మా లైనులో ఎవరికి ఏ ఇంగ్లీషు కాగితం వచ్చినా మా ఇంటికే తెచ్చేవాళ్లు. దవాఖానా చీటీలు, బ్యాంకు కాగితాలు, మందు సీసాల మీద రాతలు, అన్నీ నేనే చదివి చెప్పేదాన్ని. చుట్టూ నలుగురు నిలబడి నా నోటి వంక చూస్తుంటే వెనక నుంచి నాన్న ముఖం వెలిగిపోయేది. "మా కృపకు ఇంగ్లీషు మొత్తం వస్తది" అనేవాడు. మొత్తం ఎవరికీ రాదని ఆయనకు తెలియదు. నాకు తెలుసు, కానీ ఎన్నడూ చెప్పలేదు. తెలియని మాట అడ్డొస్తే ముందున్న మాటనూ వెనకున్న మాటనూ కలిపి ఏదో ఒక అర్థం కుట్టేసేదాన్ని. చాలాసార్లు అది సరిపోయేది కూడా.

ఒకరోజు సైరన్ మోగకముందే నాన్న ఇంటికి వచ్చాడు. అమ్మ చేతిలో చాట అట్లాగే ఉండిపోయింది. స్నానానికి నీళ్లు తోడితే పోసుకోలేదు. మంచం మీద కూర్చున్నాడు, లేచాడు, వాకిట్లోకి పోయాడు, మళ్లీ లోపలికి వచ్చాడు. చాలాసేపటికి అమ్మతో అన్నాడు: "కట్టె మాట్లాడింది మార్తా. కర్ర పెట్టి కొడితే పైన బోలుబోలు చప్పుడు. లోపలికి పోవద్దని మనుషులకు చెప్పిన. ఓవర్‌మన్ వచ్చిండు, పోవాలె అన్నడు. నేను దారికి అడ్డం కూసున్న."

"కూసుంటే?"

"నన్ను పైకి పంపిచ్చిండు. వాళ్లను ఇంకో దిక్కు పనికి పంపిచ్చిండు. ఆ జాగ రేపు చూద్దాం అన్నడు."

ఓవర్‌మన్ అంటే ఆ షిఫ్టు పనంతా చూసే అధికారి. ఆయన మాటకు కింద ఎదురుండదు. తర్వాతి రోజు నాన్నను పనిలోకి రానిచ్చారు కానీ వేరే చోట దుంగలు మోయమన్నారు. ఆదివారం గడిచి సోమవారం రాగానే చేతికి ఒక కవరు ఇచ్చారు. లోపల ఒక పేజీ ఇంగ్లీషు టైపు. నాన్న దాన్ని బనీను లోపల పెట్టుకుని తెచ్చాడు. చెమటకు అంచులు తడిసిపోయాయి. "సదువు బిడ్డా" అని నా ముందు నేల మీద కూర్చున్నాడు.

చదివాను. తేదీ అర్థమైంది, పేరు అర్థమైంది, మూడు రోజుల్లో జవాబు ఇవ్వాలన్నదీ అర్థమైంది. మధ్యలో ఒక వాక్యం దగ్గర ఆగాను. ఫలానా రోజు నీ ప్రవర్తనతో ఓవర్‌మన్ అథారిటీని అండర్‌మైన్ చేశావు, దీనికి నీ వివరణ ఏమిటి అని ఉంది. ఆ మాట నేను అంతకుముందు చూడలేదు. చూడలేదని చెప్పడానికి నోరు తెరిచాను కూడా. నాన్న కళ్లు నా మీదే ఉన్నాయి. అండర్ అంటే కింద. మైన్ అంటే గని. గనిలో పనిచేసే మనిషికి గని నుంచి వచ్చిన ఉత్తరం. ఇంకా ఏముంటుంది?

"ఆ రోజు నువ్వు గని కింద, ఓవర్‌మన్ చేతికింద పనిచేశినవా లేదా అని అడుగుతున్నరు నాయినా" అన్నాను.

నాన్న ముఖంలో బిగువంతా ఒక్కసారి సడలింది. "గింతేనా? అవ్, నిజమే గద. కిందనే ఉన్న. ఆయన చేతికిందనే ఉన్న. రాయి బిడ్డా, నిజమే అని రాయి." కొంచెం ఆగి, "పైకప్పు సంగతి గుడ రాయాల్నా?" అని అడిగాడు.

"అడిగినదానికే జవాబు రాయాలె. అడగనిది రాస్తే బాగుండదు" అన్నాను, అంతా తెలిసినదానిలా.

ఆయన చెప్తుంటే నేను ఇంగ్లీషులో రాశాను. ఉత్తరంలోని పెద్ద మాటలే తిరిగి వాడితే అందంగా ఉంటుందనుకున్నాను. ఆ జవాబులో ప్రతి అక్షరం నాకు ఇప్పటికీ గుర్తుంది. తెలుగులో చెప్తే ఇది: అయ్యా, మీరు రాసినది నిజం. ఆ రోజు నేను ఓవర్‌మన్ గారి అధికారాన్ని అండర్‌మైన్ చేశాను. ఇరవై నాలుగేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. ఇక ముందు కూడా నమ్మకంగా ఇట్లాగే చేస్తాను.

ఇరవై నాలుగేళ్లన్నది నాన్నే పట్టుబట్టి రాయించాడు. తన సర్వీసు గురించి పైవాళ్లకు తెలియాలని. కింద తెలుగులో సంతకం చేసి, ఇంకు ఆరేదాకా ఊదాడు. మంగళవారం పొద్దున్నే ఆఫీసులో ఇచ్చేశాడు. ఆ రోజు అన్నం కడుపు నిండా తిన్నాడు. నాకు మాత్రం ఎందుకో ఆ మాట పంటిలో ఇరుక్కున్న పీచులాగా కదులుతూ ఉంది. వాకిట్లోకి, గదిలోకి, మళ్లీ వాకిట్లోకి తిరుగుతుంటే, "ఏందే, మీ నాయిన లెక్కనే తిరుగుతున్నవ్" అని అమ్మ కసిరింది.

బుధవారం ఎండ నెత్తికెక్కే వేళకు రహీం సార్ దగ్గరికి పోయాను. బడిలో మాకు ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. వాళ్లది బజారులో తరతరాల బట్టల దుకాణం. కొడుకు బేరాలు చూసుకుంటుంటే, సార్ గుమ్మం పక్కన తెల్లటి పరుపు మీద కూర్చుని ఏదో ఒకటి చదువుతుండేవాడు. కొత్త గుడ్డల గంజి వాసన, ఆయన రాసుకునే అత్తరు వాసన కలిసి వచ్చేవి. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లి, ఏదో మాటల్లో అడిగినట్టు, "సార్, అండర్‌మైన్ అంటే గని లోపల అనే గదా?" అన్నాను.

"ఎవరు చెప్పిండ్రు బేటా?" అని నవ్వి, వెనక అరలో నుంచి లావుపాటి నిఘంటువు తీశాడు. ఆయనకు అర్థం ఒక్కటే చెప్పి ఊరుకునే అలవాటు లేదు. మాట ఎక్కడ పుట్టిందో కూడా చెప్పాలి. "మైన్ అంటే గని ఒక్కటే గాదు, తవ్వుడు గూడ. మన ఖమ్మం ఖిల్లా చూశినవ్ గద? గసొంటి కోటను పట్టాలె అనుకో. గోడ ఎక్కలేవు, పగలగొట్టలేవు. అప్పుడేం జేస్తుండిరి? దూరంకెళ్లి సొరంగం తవ్వుకుంట గోడ కిందికి వస్తుండిరి. పునాది కింద మట్టి తీస్తుంటే గోడ వాళ్ల మీదనే పడ్తది గద, అందుకని తీసినకాడల్లా కట్టెలు ఆనిచ్చి నిలబెడుతుండిరి. పని అయినంక ఆ కట్టెలకు నిప్పు పెట్టి బయటికొస్తుండిరి. కట్టె కాలంగనే పైనున్న గోడ కూలుతది. అదీ అండర్‌మైన్. ఇప్పుడు కోటలు లేవు, మాట మిగిలింది. ఎవరికీ కనపడకుంట కింద నుంచి ఒకదాని బలం తీసేసుడు. మనిషి పేరు, అధికారం, ధైర్యం, దేన్నైన సరే."

చివరి మాటలు నాకు సరిగ్గా వినపడలేదు. ఇరవై నాలుగేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. ఇక ముందు కూడా నమ్మకంగా ఇట్లాగే చేస్తాను. సార్ ఏదో అడుగుతున్నాడు. నేను లేచి పరిగెత్తాను. కాళ్లు కాలుతున్న సంగతి గని గేటు దగ్గరికి పోయాక తెలిసింది.

షిఫ్టు దిగడానికి ఇంకా గంట పైనే ఉంది. ఆడపిల్లలు నిలబడే చోటు కాదది. వాచ్‌మన్ రెండుసార్లు ఏమిటని అడిగాడు. బొగ్గు లారీలు దుమ్ము లేపుతూ పోతున్నాయి. నిలబడలేక గేటు నుంచి వేపచెట్టు దాకా, వేపచెట్టు నుంచి గేటు దాకా నడిచాను. సైరన్ మోగింది. నల్లటి మనుషుల గుంపులో నాన్నను ఆయన నడకను బట్టి గుర్తుపట్టాను. నన్ను చూడగానే ఆయన పరిగెత్తుకొచ్చాడు. "అమ్మకేమైంది?"

"అమ్మకేం గాలే. నేను తప్పు చదివిన నాయినా." ఏడుస్తూనే అంతా చెప్పాను. కోట, సొరంగం, కట్టెలు, నిప్పు, ఏదీ విడవకుండా. చుట్టూ మనుషులు మమ్మల్ని చూస్తూ పోతున్నారు. చివరికి నాన్న టోపీ తీసి, నెత్తి గోక్కుని, "గోడ కూల్చేటందుకు కట్టె పెడుతుండిరా!" అన్నాడు, అన్నింటికంటే అదే ఆయనకు వింతైనట్టు. తర్వాత మెల్లగా, "నేను కట్టె నిలబెట్టేటోన్ని బిడ్డా. కాలబెట్టేటోన్ని గాదు. గీ మాట రాయి" అన్నాడు.

ఆ సాయంత్రం దుకాణంలో రహీం సార్ పక్కన కూర్చుని రెండో జవాబు రాశాం. పైకప్పు చప్పుడు, కట్టె మాట్లాడటం, దారికి అడ్డం కూర్చోవడం, అన్నీ ఉన్నది ఉన్నట్టు. గురువారం నాన్నతో పాటు నేనూ ఆఫీసుకు వెళ్లాను. మేనేజరు గారి బల్ల మీద రెండు కాగితాలూ పక్కపక్కన ఉన్నాయి. "ఒకే మనిషి రెండు జవాబులా? దీంట్లో తప్పంతా ఒప్పుకున్నావు. పైగా ఇకముందు కూడా చేస్తానన్నావు" అన్నాడాయన. నవ్వుతున్నాడో కోపమో తెలియలేదు. "ఇంగ్లీషులో ఎవరు రాశారు?"

నేనే సార్, నాకా మాట రాదు, వచ్చినట్టు రాశాను అని చెప్పడానికే నేను వెళ్లింది. దారి పొడుగునా ఆ వాక్యం పెదవుల మీద తిప్పుకుంటూనే వెళ్లాను. తీరా ఆ గదిలో నా నాలుక కదల్లేదు. నాన్న నా వైపు ఒకసారి చూసి, "నేను చెప్పిందే రాశింది సార్ నా బిడ్డ. ఆమె తప్పేం లేదు. నాకే మాట తెల్వలే" అన్నాడు. నేను తల దించుకుని నేల చూస్తూ నిలబడ్డాను.

విచారణ జరిగింది. రెండో జవాబు వల్ల ఉద్యోగం నిలిచింది. మొదటి జవాబు నాన్న సంతకంతో కాగితం మీద ఉంది కాబట్టి ఏదో ఒక శిక్ష తప్పదని గుమాస్తా చెప్పాడు. నాన్నను టింబరు పని నుంచి తీసేసి పైన లాంపురూములో వేశారు. దిగేవాళ్లకు తలదీపాలు ఇవ్వడం, ఎక్కివచ్చినవాళ్ల దగ్గర తీసుకోవడం. అదే నెలలో ఒక సాయంత్రం నాన్నతో పనిచేసిన సోమయ్య, అడవి ఊరి నుంచి వచ్చే కోయ మనిషి, మా ఇంటికి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు. "దేవన్నా, అది పడ్డది" అన్నాడు.

నాన్న చేతిలో గ్లాసు కింద పెట్టాడు. "ఎవరన్న ఉన్నరా?"

"ఎవ్వరు లేరు. ఇయ్యాల మల్ల ఆడికే పంపిచ్చిండ్రు. కట్టె కిర్రుమన్నది. నువ్వు చెప్పింది యాదికొచ్చి అందరం బయటికి ఉరికినం. మేం ఇవతలికి రాంగనే అది ఆడ కూలింది."

అమ్మ లోపల మోకాళ్ల మీద కూర్చుంది. నాన్న చాలాసేపు సోమయ్య చెయ్యి వదల్లేదు. ఆ పడిన సంగతి గురించి మా ఇంటికి ఏ ఉత్తరమూ రాలేదు. నాన్నా అడగలేదు. కానీ లాంపురూములో ఆయనకు ఒక్కరోజు కూడా నెమ్మది లేదు. ఇచ్చిన దీపాలన్నీ తిరిగి రావాలి. చివరి దీపం కొక్కేనికి తగిలేదాకా ఇంటికి వచ్చేవాడు కాదు. అమ్మ మధ్యాహ్నాలు ఇప్పుడు నిశ్చింతగా ఉన్నాయి. నాన్నవి పోయాయి. పైకప్పు తట్టి చూసే మనిషిని దానికి దూరం చేసింది నా చేతిరాతే అని నాకు తెలుసు. ఆ ఏడు హాస్టల్లో పుస్తకం ముందు పెట్టుకుంటే కాళ్లు నిలిచేవి కావు. వరండాలో నడుస్తూనే చదివాను.

ఇప్పుడు నా క్లాసులో పిల్లలకు ఏ మాట అర్థం కావాలన్నా ఫోను మీద వేలు ఆనిస్తే చాలు. దమ్మపేట నుంచి వచ్చే ఒక పిల్ల నేను బోర్డు వైపు తిరిగి ముందుకు మళ్లేలోపు అర్థం చెప్పేస్తుంది. మంచిదే. మా నాన్నకు అప్పుడు అది ఉంటే ఎంత బాగుండేదో. కానీ తెలియనిది తెలియదని చెప్పడం ఫోను నేర్పలేదు. నాకు దాన్ని నేర్పింది ఐదో తరగతి చదివిన మనిషి. లాంపురూములో చేరిన ఆరు నెలలకు నాన్న ఇంగ్లీషు నేర్చుకోవడం మొదలుపెట్టాడు. యాభై దగ్గర పడిన వయసులో. డ్యూటీ దిగి రోజూ రహీం సార్ దుకాణానికి పోయేవాడు. తానుల మీది మిల్లు పేర్లు కూడబలుక్కుని చదివేవాడు. నేను సెలవులకు వచ్చినప్పుడల్లా ఒక మెట్టు పైకెక్కి కనపడేవాడు. నన్ను మాత్రం ఒక్క మాట అడిగేవాడు కాదు. నా మీద నమ్మకం పోయిందేమోనని లోపల్లోపల కుమిలేదాన్ని, అడిగే ధైర్యం లేకపోయేది.

డిగ్రీ చివరి సంవత్సరంలో ఒక ఆదివారం, చర్చి నుంచి అప్పుడే వచ్చాం. సోమయ్య ఒక కవరు పట్టుకుని వచ్చాడు. అలవాటు కొద్దీ నేను చెయ్యి చాపాను. నాన్న కూడా చాపాడు. సోమయ్య ఇద్దరినీ చూసి, కాగితం నాన్న చేతిలో పెట్టాడు. నాన్న గడప మీద కూర్చుని వేలితో గీత గీసినట్టు ఒక్కో మాటా చదువుకుంటూ పోయాడు. నడుమ ఒకచోట వేలు ఆగింది. మాలింగరింగ్ అని ఉందక్కడ. ఆయన రెండుసార్లు పలికి చూసి, తల పైకెత్తి, "సోమన్నా, ఈ ఒక్క మాట నాకు రాదు" అన్నాడు. ఆ చెప్పడంలో సిగ్గు లేదు, బాధ లేదు. తర్వాత నా వైపు తిరిగాడు. దాదాపు రెండేళ్ల తర్వాత మొదటిసారి అడిగాడు. "నీకు తెల్సా బిడ్డా?"

లింగర్ అంటే ఆలస్యం చేయడమని నాకు తెలుసు. ముందున్న 'మా' ఏమిటో, మొత్తం మాటకు పని ఎగ్గొట్టడానికి జబ్బు నటించడమని అర్థమనీ అప్పటికి తెలియదు. సోమయ్య రెండు రోజులు డ్యూటీకి పోలేదు కాబట్టి ఆలస్యమనే అయి ఉంటుంది, చక్కగా అతుకుతుంది. నోటిదాకా వచ్చింది. సోమయ్య నా నోటి వంకే చూస్తున్నాడు.

"తెల్వదు నాయినా" అన్నాను.

నాన్న తలూపి, కాగితం మడిచి, తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "ఏందయ్యా, రహీం సార్ అన్నం తినే ఏళాయె" అని అమ్మ లోపల నుంచి కేకేసింది. "తిననీ. అప్పటిదాక అరుగు మీద కూసుంటం" అని నాన్న మెట్టు దిగాడు. ముగ్గురం పోయి సార్ వాళ్ల అరుగు మీద నీడలో కూర్చున్నాం, ఆయన చేతులు కడుక్కుని వచ్చేదాకా.